ఎవరి అర్జీ వారే రాసుకోవాలి

(సూర్యాపేటలో బొమ్మగాని ధర్మభిక్షం గారి స్మృతికి అంకితంగా చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ధర్మభిక్షం గారిని తలచుకునే సభలో కాలేజీ పిల్లలు ఈమెయిల్ ఎలా రాయాలన్నది ఉపన్యాస విషయమా అని మీలో కొందరికి అనిపించి ఉండవచ్చు. ఆ సందేహానికి ముందుగా జవాబు చెప్పుకోవాలి. 1922లో పుట్టి 2011లో కన్నుమూసిన ఆ మనిషి జీవితంలో తెలంగాణ సాయుధ పోరాటం ఉంది, జైళ్లు ఉన్నాయి, 1952లో సూర్యాపేట నుంచి శాసనసభకు, 1991లోనూ 1996లోనూ నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలవడం ఉంది, గీత కార్మికుల కోసం దశాబ్దాల పాటు చేసిన పని ఉంది. వీటితో పాటు ఒక హాస్టల్ కూడా ఉంది. పల్లెల నుంచి చదువు కోసం సూర్యాపేట వచ్చిన పిల్లలకు ఆయన నడిపిన వసతిగృహం అది. గదీ తిండీ దొరికితే సరిపోదని, చదువుకున్న పిల్లవాడు అధికారం ముందు నిలబడి మాట్లాడగలగాలని ఆ తరం నమ్మింది. ఆనాడు మాట్లాడటమంటే సభలో లేచి నిలబడటం, కచేరీలో అర్జీ పెట్టడం. ఈనాడు ఆ పనిలో పెద్ద భాగం ఈమెయిల్ మీద నడుస్తోంది. కనుక నేను చెప్పదలచుకున్న మాట ఇది: మన ప్రాంతపు విద్యార్థికి ఈమెయిల్ రాయడాన్ని ఇంగ్లీషు పేపర్‌లో అయిదు మార్కుల ప్రశ్నగానో, ఉద్యోగ ఇంటర్వ్యూకి ముందు నేర్పే హంగుగానో నేర్పితే దాని విలువ తెలియదు. తన పేరుతో, తన మాటల్లో, ముఖపరిచయం లేని అధికారి ముందు తన విషయం తాను పెట్టుకోగలగడం అది. పౌరుడికి ఉండాల్సిన తొలి నేర్పుల్లో ఒకటిగా దాన్ని నేర్పాలి, నేర్చుకోవాలి.

మన జిల్లాల చరిత్ర తెలిసినవారికి ఈ మాట కొత్తగా ఉండదు. నిజాం రాజ్యంలో 1880ల దాకా ఫార్సీ, ఆ తర్వాత ఉర్దూ పాలనా భాషలుగా ఉన్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా 1918లో ఉర్దూ మాధ్యమంతోనే మొదలైంది. ఇంట్లోనూ చేలోనూ తెలుగు మాట్లాడే రైతు తన పట్టా గురించి, శిస్తు గురించి, వెట్టి గురించి పైవాళ్లకు చెప్పుకోవాలంటే ఉర్దూ వచ్చిన మరొకరి కలం కావాల్సి వచ్చేది. తన గోడు కాగితం మీద ఎలా దిగిందో వేలిముద్ర వేసినవాడికి తెలిసే వీలు లేదు. 1921 నవంబరులో హైదరాబాద్‌లో జరిగిన సంఘ సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జన సంఘం పుట్టింది. అది పెరిగి 1930లో జోగిపేట సమావేశంతో ఆంధ్ర మహాసభ అయింది. ఆ మహాసభ ఎనిమిదో సమావేశం 1941లో మన కోదాడ పక్కనున్న చిలుకూరులో, రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగింది. ఈ ఉద్యమం భూమి కోసం, కూలి కోసం, వెట్టి రద్దు కోసం ఎంత పోరాడిందో, మనిషి తన మాట తాను చెప్పుకునే హక్కు కోసం కూడా అంతే పోరాడింది. మధ్యలో మరొకరి కలం ఉన్నంతకాలం హక్కు సగమే దక్కుతుందని ఆ నాయకులకు అనుభవం మీద తెలుసు.

ఇప్పుడు మన మూడు పట్టణాల వైపు చూద్దాం. జాతీయ రహదారి మీద సూర్యాపేట, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా కోదాడ, సాగర్ ఎడమ కాలువ కింది వరితో, రైస్ మిల్లులతో బతికే మిర్యాలగూడ. ఈ మూడు చోట్లా డిగ్రీ కాలేజీల్లో, ఇంజనీరింగ్ కాలేజీల్లో కూర్చున్న పిల్లల్లో చాలామంది తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన తొలి తరం. రైతుల పిల్లలు, మిల్లు హమాలీల పిల్లలు, లారీ డ్రైవర్ల పిల్లలు, గీత కార్మికుల పిల్లలు. 2016లో దోస్త్ అనే ప్రవేశ విధానం వచ్చినప్పటి నుంచి డిగ్రీ సీటుకు దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. స్కాలర్‌షిప్ ఈపాస్ వెబ్‌సైట్‌లో. పరీక్ష ఫలితం వెబ్‌సైట్‌లో. అయితే ఈ దరఖాస్తులు చేస్తున్నది ఎవరు? చాలా సందర్భాల్లో బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌లో కూర్చున్న మనిషి. విద్యార్థి తొలి ఈమెయిల్ ఐడీని తెరిచేది ఆయనే, పాస్‌వర్డ్ పెట్టేది ఆయనే, ఒక్కోసారి ఆ పాస్‌వర్డ్ మిగిలేది కూడా ఆయన నోట్‌బుక్‌లోనే. మూడేళ్ల తర్వాత ఆ ఐడీకి ఉద్యోగ పిలుపు వస్తే దాన్ని తెరవలేని పిల్లలున్నారు. నెట్ సెంటర్ వాళ్లు చేస్తున్నది మంచి పనే. నాలుగు డబ్బులకు పదిమంది అవసరాలు తీరుస్తున్నారు. కానీ కాలేజీలో చదివే విద్యార్థి తన సొంత విషయాన్ని ఒక కార్యాలయానికి రాయడానికి కూడా అక్కడికే వెళ్లాల్సి వస్తే, కచేరీ మెట్ల దగ్గర ఉర్దూ కలం కోసం ఎదురుచూసిన రైతుకూ అతనికీ మధ్య దూరం మనం అనుకున్నంత పెరగలేదన్నమాట.

రాయడం రాకపోవడమంటే ఏమిటో దగ్గరగా చూడాలి. బీకాం రెండో ఏడాది చదివే ఒక అమ్మాయిని ఊహించుకోండి. మూడో సెమిస్టర్ మెమోలో తండ్రి పేరు తప్పు పడింది. ఆమె ఫోన్ తీసి విశ్వవిద్యాలయ పరీక్షల విభాగానికి ఒక మెయిల్ పెడుతుంది. సబ్జెక్ట్ గడి ఖాళీ. లోపల ఇంగ్లీషులో ‘రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ మెమో ప్రాబ్లమ్ సర్, ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్ సర్, థాంకింగ్ యూ సర్, యువర్స్ ఒబీడియెంట్లీ’ అని ఉంటుంది. కింద పేరు ఉంటే ఉంటుంది. హాల్‌టికెట్ నంబరు లేదు, కాలేజీ పేరు లేదు, ఏ సెమిస్టరో లేదు, తప్పు ఎక్కడుందో లేదు. మంచం మీద పెట్టి తీసిన మెమో ఫొటో ఒకటి, సగం నీడ పడి, జతచేసి ఉంటుంది. ఈ మెయిల్‌లో వినయానికి కొదవ లేదు. ‘సర్’ నాలుగుసార్లు వచ్చింది. అవతలివాడు పని చేయడానికి కావలసిన సమాచారం మాత్రం ఒక్కటీ రాలేదు. ఎన్నో కాలేజీల మెయిళ్లు వచ్చి పడే డబ్బాలో దీన్ని తెరిచిన గుమాస్తా మంచివాడైనా చేయగలిగింది ఏమీ లేదు. అమ్మాయి మాత్రం రాశానని అనుకుంటుంది, జవాబు రాలేదని బాధపడుతుంది, మనలాంటి వాళ్లను ఎవరు పట్టించుకుంటారన్న నిర్ణయానికి వస్తుంది.

ఈ లోపం తెలివితేటల్లో లేదు, ఇంగ్లీషు వ్యాకరణంలో కూడా లేదు. మనం బడిలో నేర్పిన సెలవు చీటీ అచ్చులో ఉంది. ఆరో తరగతి నుంచి పిల్లవాడికి నేర్పిన ఏకైక అధికారిక లేఖ అదే. జ్వరంతో బాధపడుతున్నాను, రెండు రోజులు సెలవు ఇప్పించ ప్రార్థన, తమ విధేయ విద్యార్థి. ఆ చీటీలో వివరాలు అక్కర్లేదు, ఎందుకంటే చదివే మాస్టారికి పిల్లవాడి ముఖం తెలుసు, వాళ్ల నాన్న తెలుసు. అడిగేది ఎప్పుడూ ఒకటే, ఇచ్చేదీ ఒకటే. పిల్లవాడు ఆ అచ్చును బట్టీ పట్టి దానితోనే కాలేజీకి వస్తాడు. ముఖం తెలియని కార్యాలయానికి, తన ఊరి పేరు కూడా విననివాడికి, వందల విషయాల్లో ఒకదాని గురించి రాయాల్సి వచ్చినప్పుడు కూడా అదే అచ్చులో పోస్తాడు. అందుకే జ్వరంతో బాధపడ్డట్టు మెమోతో కూడా బాధపడుతున్నానని రాస్తాడు. తప్పు నేర్పిన మనది.

అదే అమ్మాయి ఇలా రాసిందనుకోండి. సబ్జెక్ట్ గడిలో: ‘మూడో సెమిస్టర్ మెమోలో తండ్రి పేరు సవరణ, బీకాం’, ఆ పక్కన హాల్‌టికెట్ నంబరు. లోపల: ‘పరీక్షల నియంత్రణాధికారి గారికి నమస్కారం. నేను మిర్యాలగూడలోని ఫలానా కళాశాలలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. నాకు ఈ నెల అందిన మూడో సెమిస్టర్ మెమోలో మా నాన్నగారి పేరులో ఒక అక్షరం తప్పు పడింది. పదో తరగతి మెమోలో ఉన్న విధంగా సవరించి కొత్త మెమో ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. రెండు మెమోల నకళ్లు జతచేశాను. సవరణకు రుసుము ఉంటే ఎంతో, ఎలా కట్టాలో తెలియజేయగలరు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఈ మెమో కావాలి, దానికి చివరి తేదీ ఫలానా.’ కింద పూర్తి పేరు, కాలేజీ, ఫోన్ నంబరు. అంతే. ఇందులో పాండిత్యం ఏమీ లేదు. నేను ఎవరిని, ఏం జరిగింది, ఏం కావాలి, ఆధారం ఏమిటి, ఎప్పటిలోగా అన్న అయిదు ప్రశ్నలకు జవాబు ఉంది. తెరిచిన గుమాస్తా లేచి మరెవరినీ అడగనక్కర్లేదు. పని తన పరిధిలోది కాకపోతే సబ్జెక్ట్ చూసి సరైన సెక్షన్‌కు పంపగలడు. పని కాకపోయినా, ఏ తేదీన ఏం అడిగారో ఇద్దరి దగ్గరా ఉంటుంది.

ఈ అయిదింటిలో ఆధారం దగ్గర మన పిల్లలు ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఒకరు రాసినప్పుడు పత్రికా సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి ఖండనతో సరిపెట్టుకోలేదు. 1934లో 354 మంది కవుల పేర్లతో, పద్యాలతో గోలకొండ కవుల సంచిక తెచ్చి ముందు పెట్టారు. కోపం ఎంత న్యాయమైనదైనా ఎదుటివాడిని కదిలించేది ఆధారమే. మెయిల్‌లో ఆధారమంటే జతచేసే ఫైలు. దానికి ఫోన్ పెట్టిన అంకెల పేరు వదిలేయకుండా, తెరవకముందే అదేమిటో తెలిసేలా విద్యార్థి పేరు, పత్రం పేరు పెట్టాలి. నాలుగు పేజీలుంటే నాలుగు ఫొటోలుగా కాకుండా ఒకే పీడీఎఫ్‌గా చేయాలి. ఇప్పుడు ఏ ఫోన్‌లోనైనా ఆ పని ఉచితంగా అవుతుంది. ఎవరికి రాయాలో వారి చిరునామా ఒక్కటే ‘టు’ గడిలో ఉండాలి. విషయం తెలియాల్సిన మరొకరుంటే, ఉదాహరణకు మన ప్రిన్సిపాల్, ఆయన్ను సీసీలో పెట్టాలి. భయపెట్టడానికి కలెక్టర్ నుంచి ముఖ్యమంత్రి దాకా అందరినీ సీసీలో చేర్చితే, ఇది ఇంకెవరో చూస్తారులే అని ప్రతివారూ వదిలేస్తారు. ఇక ఐడీ సంగతి. అభిమాన హీరో పేరు, పుట్టిన సంవత్సరం కలిపి ఇంటర్‌లో తెరిచిన ఐడీ స్నేహితులకు సరిపోతుంది. ఉద్యోగానికీ విశ్వవిద్యాలయానికీ సొంత పేరుతో మరొకటి తెరిచి, పాస్‌వర్డ్ తన దగ్గరే పెట్టుకోవాలి. సొంత పేరుతో నిలబడటం అన్న మాట అక్కడి నుంచే మొదలవుతుంది.

కార్యాలయానికి రాసే మెయిల్‌కూ కంపెనీకి రాసేదానికీ ఒక తేడా ఉంది. కార్యాలయంలో మనకు రావాల్సింది అడుగుతాం. కంపెనీలో మనం ఏం చేయగలమో చెప్పాలి. కోదాడ, హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మట్టపల్లి ప్రాంతమంతా సున్నపురాయి నేల. సిమెంటు కర్మాగారాలు ఇక్కడే ఉన్నాయి. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రం ఉంది. మెకానికల్, ఎలక్ట్రికల్ చదివే మన పిల్లలు ఇంటర్న్‌షిప్ కోసం హైదరాబాద్ వైపే చూస్తారు గానీ ఇంటి పక్క పరిశ్రమకు రాయడానికి వెనకాడతారు. రాసినవారు కూడా ‘మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో ఏదైనా అవకాశం ఇప్పించండి’ అని ఊరుకుంటారు. ఆ వాక్యం ఏ సంస్థకైనా సరిపోతుంది కనుక ఏ సంస్థకూ తగలదు. ‘మూడో సంవత్సరం ఎలక్ట్రికల్ చదువుతున్నాను, మోటార్ల నిర్వహణ మీద ప్రాజెక్టు చేశాను, మే, జూన్ నెలల్లో ఆరు వారాలు రాగలను, ఇల్లు కోదాడలోనే కనుక వసతి అక్కర్లేదు’ అని రాస్తే చదివే ఇంజనీరు ముందు ఒక మనిషి నిలబడతాడు. ఇక్కడి వాడిని కావడం లోటన్న భావం మన పిల్లల్లో ఉంది. ఈ ఉదాహరణలో అదే వాడి బలం.

ఇక అభ్యంతరాలకు వద్దాం. మొదటిది: ఇప్పుడు అన్నీ వాట్సాప్‌లోనే జరుగుతుంటే ఈమెయిల్ ఎందుకు? నిజమే, కాలేజీ నోటీసుల నుంచి మిల్లు లోడింగు దాకా వాట్సాప్‌లోనే నడుస్తోంది. కానీ అక్కడ పని జరగాలంటే ముందు ఆ మనిషి ఫోన్ నంబరు మనకు దొరకాలి, ఆయన మనల్ని గ్రూపులో ఉంచాలి. అంటే పరిచయం ఉన్నవాడికే దారి. అధికారి బదిలీ అయితే నంబరుతో పాటు మన విజ్ఞప్తి కూడా వెళ్లిపోతుంది. ఈమెయిల్ పదవికి వెళుతుంది, కుర్చీలో ఎవరున్నా అక్కడే ఉంటుంది. ఎలక్ట్రానిక్ రికార్డుకు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం గుర్తింపు ఇచ్చింది కూడా. ఇదే అభ్యంతరానికి మరో రూపం, స్వయంగా వెళ్లి కలవడమే మేలు కదా అన్నది. కొన్ని పనులకు వెళ్లక తప్పదు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో ఆడపిల్లలకు చార్జీ కూడా లేదు. కానీ కోదాడ నుంచి నల్లగొండలోని విశ్వవిద్యాలయానికి వెళ్లి రావడానికి ఒక రోజు తరగతులు పోతాయి, సార్ మీటింగులో ఉన్నారంటే ఇంకో రోజు పోతుంది. ముందు మెయిల్ పెట్టి, దాని ప్రింటు చేతిలో పట్టుకుని వెళ్లినవాడికీ ఉట్టి చేతులతో వెళ్లినవాడికీ కౌంటరు దగ్గర దొరికే జవాబులో తేడా ఉంటుంది.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. ఇదంతా ఇంగ్లీషు పెత్తనానికి, అధికారుల ముందు వంగడానికి పిల్లల్ని తయారుచేయడం కాదా? ఉర్దూ కలం గురించి చెప్పినవాడు ఇంగ్లీషు కలం పట్టమంటున్నాడా? అందుకే ఇందాక చూపిన మెయిల్‌ను తెలుగులో చూపాను. 1966 నాటి అధికార భాషా చట్టం తెలుగును పాలనా భాషగా నిలబెట్టింది. సమాచార హక్కు చట్టం 2005 ఆరో సెక్షన్ ప్రకారం దరఖాస్తును ఆ ప్రాంతపు అధికార భాషలో, ఎలక్ట్రానిక్ రూపంలో కూడా పెట్టుకోవచ్చు. ఎందుకు అడుగుతున్నావని అడిగే హక్కు కూడా అధికారికి లేదు. కంప్యూటర్లకు అక్షరాల ప్రమాణమైన యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగు ఉంది. మన ఫోన్లలో తెలుగు కీబోర్డు ఉంది. కాబట్టి రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయానికి, మన కాలేజీకి, మన విశ్వవిద్యాలయానికి రాసేటప్పుడు తెలుగులో ధైర్యంగా రాయండి. బయటి రాష్ట్రాల కంపెనీకి ఇంగ్లీషులో రాయాల్సి వస్తే చిన్న వాక్యాలు రాయండి. పెద్ద మాటలు అక్కర్లేదు, తెలిసిన మాటల్లో తప్పు లేకుండా చెప్తే చాలు. వంగడం సంగతికి వస్తే, నేను వద్దంటున్నదే ఆ వంగుబాటును. మర్యాదకు ఒక నమస్కారం, ఒక ‘గారు’, చివర ఒక కృతజ్ఞత సరిపోతాయి. పాదాభివందనాలు, కడు విధేయతలు పేర్చిన మెయిల్ దయను అడుగుతుంది. వివరాలు పేర్చిన మెయిల్ హక్కును అడుగుతుంది. మన పిల్లలు రెండోది నేర్చుకోవాలన్నదే నా ఆరాటం.

మూడో అభ్యంతరం ఇటీవలిది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది, అడిగితే క్షణంలో మెయిల్ రాసిపెడుతుంది, ఇక నేర్చుకోవడం దేనికి? యంత్రాన్ని నేను తప్పుపట్టను. రాసినదానిలో అక్షర దోషాలు చూడమనడానికి, ఇంగ్లీషు వాక్యం సరిచూడమనడానికి అది మంచి తోడు. కానీ నీ మెమోలో ఏ అక్షరం తప్పు పడిందో దానికి తెలియదు. నీకు ఎప్పటిలోగా కావాలో తెలియదు. తెలియని చోట నిండైన మాటలతో ఖాళీ పూడుస్తుంది. నువ్వు చేయని ప్రాజెక్టును చేశావని, నీకు లేని అనుభవం ఉందని కూడా రాసేయగలదు. కింద సంతకం నీదే కనుక ఆ అబద్ధానికి బాధ్యుడివి నువ్వే. ఒక తరగతిలో అరవై మంది ఒకే యంత్రాన్ని ఒకే ప్రశ్న అడిగితే అరవై మెయిళ్లు ఒకే పోతలో వస్తాయి, చదివేవాడికి అందులో ఏ ఒక్కరూ కనిపించరు. పైగా ఏం రాసి ఉందో సరిగా అర్థం కాకుండానే పంపే విద్యార్థీ, ఏం రాసి ఉందో తెలియకుండా వేలిముద్ర వేసిన రైతూ ఒకే చోట నిలబడినట్టే. కలం పట్టింది మనిషైనా యంత్రమైనా, చదివి, అర్థం చేసుకుని, సరిదిద్ది, ఇది నా మాట అని చెప్పగలిగినప్పుడే అది మన అర్జీ. అందుకు ముందు రాయడం తెలిసి ఉండాలి.

అన్నిటికంటే బాధపెట్టే అభ్యంతరం నాలుగోది. ఎంత బాగా రాసినా ఎవరూ జవాబివ్వరు. దీన్ని కొట్టిపారేయలేను. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోతున్న రాష్ట్రం ఇది. బకాయి కట్టలేదని కాలేజీ టీసీ, మెమోలు ఆపితే పై చదువు ఆగిపోయేది విద్యార్థికే, డబ్బు విడుదల చేయాల్సినవారికి కాదు. ఇలాంటి గోడును మెయిల్ ఒక్కటే తీర్చలేదు, సంఘాలు కావాలి, ఉద్యమాలు కావాలి. కానీ ఉద్యమానికి కూడా కాగితం కావాలి. విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి యూజీసీ 2023లో తెచ్చిన నిబంధనల్లో, సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఆపడాన్ని ఫిర్యాదు చేయదగిన విషయంగా పేర్కొన్నారు. కాలేజీలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అది 15 పనిదినాల్లో నివేదిక ఇచ్చేలా చూడాలి, న్యాయం జరగలేదనుకుంటే 15 రోజుల్లో ఓంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. కమిటీ గడువు ఎప్పటి నుంచి లెక్క? ఫిర్యాదు అందిన తేదీ నుంచి. నోటితో చెప్పిన గోడుకు తేదీ ఉండదు. తేదీ లేనిదానికి గడువు మొదలవదు, గడువు మొదలవనిదానికి అప్పీలు ఉండదు. అందుకే జవాబు రాకపోతే వారం పది రోజులకు అదే మెయిల్ కింద రెండు వాక్యాలు రాయండి: ‘ఫలానా తేదీన రాసిన ఈ విజ్ఞప్తి ఏ దశలో ఉందో తెలియజేయగలరు.’ కొత్త మెయిల్ మొదలుపెట్టకండి, పాతదాని కిందే రాయండి. కోపం వద్దు, వెటకారం వద్దు. అప్పటికీ పలకకపోతే పై అధికారికి అదే వరుసను పంపండి. సోమవారం ప్రజావాణిలో కలెక్టరేట్‌కు వెళ్లినా, సమాచార హక్కు కింద అడిగినా, కోర్టు దాకా పోయినా చేతిలో ఉండేది ఆ వరుసే. అలాంటి మెయిళ్లు వంద మంది దగ్గర ఉంటే అదే విద్యార్థి సంఘానికి ఆయుధం.

చివరగా కాలేజీల బాధ్యత. పిల్లలు సరిగా రాయడం లేదని అధ్యాపకుల గదుల్లో తరచూ వినిపించే మాట. నేర్పామా అని మనల్ని మనం అడగాలి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో స్కిల్స్ అండ్ నాలెడ్జ్ సెంటర్లున్నాయి, నైపుణ్య శిక్షణ ఇచ్చే టాస్క్ సంస్థ 2014 నుంచి పనిచేస్తోంది. ఈ శిక్షణ ఎక్కువగా చివరి సంవత్సరంలో, ఉద్యోగాల ముందు మొదలవుతుంది. విద్యార్థికి మెయిల్ అవసరం మాత్రం అడ్మిషన్ రోజునే మొదలవుతుంది. కాబట్టి మొదటి సెమిస్టర్‌లోనే, ల్యాబ్‌లో కూర్చోబెట్టి, ప్రతి విద్యార్థి చేత తన సొంత పేరుతో ఐడీ తెరిపించాలి. ఊహాజనితమైన మేనేజరుకు ఊహాజనితమైన లేఖ రాయించడం మాని, నిజంగా వాళ్లకున్న పని మీద నిజమైన మెయిల్ రాయించాలి: బస్‌పాస్ కోసం బోనఫైడ్, మెమోలో తప్పు, రాని స్కాలర్‌షిప్. ఒకటి తెలుగులో, ఒకటి ఇంగ్లీషులో. కాలేజీ వెబ్‌సైట్‌లో ఏ పనికి ఎవరికి రాయాలో చిరునామాలు పెట్టాలి, ఆ చిరునామాలు పనిచేయాలి. అన్నిటికీ మించి, విద్యార్థి మెయిల్‌కు జవాబివ్వాలి. కాదనాల్సి వచ్చినా కారణం చెప్పి కాదనాలి. పద్దెనిమిదేళ్ల పిల్లకు ఒక సంస్థ నుంచి పేరు పెట్టి పిలుస్తూ, విషయం మీద రాసిన తొలి జవాబు ఏ పాఠమూ చెప్పలేనిది చెబుతుంది: నువ్వు అడిగితే జవాబు చెప్పాల్సినవాళ్లున్నారని.

విద్యార్థులారా, మీ తాతల తరానికి కచేరీ భాష రాదు, మీ తల్లిదండ్రుల్లో చాలామందికి దరఖాస్తు ఫారం నింపడం రాదు. మీ చేతిలో ఫోన్ ఉంది, రెండు భాషలున్నాయి, చట్టం మీ వైపు ఉంది. ఈ వారంలో మీకు ఏ కార్యాలయంతో పని ఉందో చూసుకోండి. అయిదు ప్రశ్నలకు జవాబులు రాసుకోండి. మీరే టైపు చేయండి, మీరే చదువుకోండి, మీ పేరుతో పంపండి. మీకు రాయడం వచ్చాక మీ ఊళ్లో రాయలేనివారి దగ్గర కూర్చుని, వారు చెప్పింది వారి మాటల్లోనే రాసి, పంపే ముందు వారికి చదివి వినిపించండి. చదువుకునే పిల్లలకు సూర్యాపేటలో నీడనిచ్చిన మనిషి స్మృతికి మనం చేయగలిగిన పని ఇది.